పిల్లల ముందు పన్ను విరిగినప్పుడు

మన నూజివీడు ప్రాంతంలో మామిడి కోతలు జోరందుకొని, బడులకు వేసవి సెలవులు ఇచ్చేసరికి మా ఆసుపత్రి క్యాజువాలిటీకి దెబ్బలు తగిలిన పిల్లలు రావడం ఎక్కువవుతుంది. చెట్టు మీద నుండి పడి చెయ్యి విరిగితే తల్లిదండ్రులు ఆ గంటలోనే ఆటోలో వేసుకొని వస్తారు. తల పగిలితే ఇక చెప్పనక్కరలేదు. కాని ముందు పన్ను సగానికి విరిగిన పిల్లవాడిని మాత్రం ఇంటి దగ్గరే ఉంచేస్తారు. నోరు కడిగించి, రక్తం ఆగగానే "పన్నే కదా, పెద్దయ్యాక కట్టిద్దాంలే" అనుకొంటారు. ఆ పిల్లవాడే ఆరు నెలలకో ఏడాదికో నల్లబడిన పన్నుతో, చిగురు మీద చీముపొక్కుతో మా వద్దకు వస్తాడు. మొదటి రోజున అరగంట, గంటలో అయ్యే పని అప్పటికి చేజారిపోయి ఉంటుంది. విరిగిన ఎముక కొన్ని వారాలలో తనంతట తానే అతుక్కుంటుంది. పన్నుకు ఆ గుణం లేదు. అందుచేత ఈ విషయం కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

ఎలా విరుగుతాయి

కాయల కోసం చెట్టెక్కి జారడం ఒక్కటే కారణం కాదు. కింద నిలబడి రాళ్ళు రువ్వే పిల్లల్లో ఒకడి రాయి ఇంకొకడి మూతికి తగులుతుంది. చిక్కం కట్టిన గెడ చేయి జారి మీద పడుతుంది. కర్రా బిళ్ళ ఆడుతుంటే బిళ్ళ ఎగిరి వచ్చి నేరుగా పళ్ళకే కొడుతుంది. బోరింగు దగ్గర నీళ్ళు కొట్టే పిల్ల పిడిని మధ్యలో వదిలితే అది ఎగిరి గడ్డానికో పళ్ళకో తగులుతుంది. మోటారు సైకిలు మీద తండ్రి ముందు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడి నోరు, బ్రేకు వేసేసరికి హ్యాండిలుకు కొట్టుకుంటుంది. ఈ చివరిది పెద్దవాళ్ళు తలచుకొంటే పూర్తిగా ఆపగలిగినది.

దెబ్బ ఏదైనా ఎక్కువగా విరిగేవి పైవరుసలో మధ్యనున్న రెండు పళ్ళే. ఎత్తుపళ్ళ పిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. పై పళ్ళు కింది పళ్ళకన్నా 3 మిల్లీమీటర్లు దాటి ముందుకు ఉంటే దెబ్బ తగిలే అవకాశం సుమారు రెట్టింపు అని చెబుతారు. బొటనవేలు చప్పరించే అలవాటు ఆరేడేళ్ళు వచ్చినా మానని పిల్లలలో ఇటువంటి పళ్ళు తరచు చూస్తాము.

"పాల పన్నే కదా"

మేము ఎక్కువగా వినే మాట ఇది. ఎనిమిదేళ్ళ పిల్లవాడిని చూపించి, "ఇవి పాల పళ్ళేనమ్మా, ఊడి మళ్ళీ వస్తాయి" అంటారు. ఈ లెక్క తప్పు. కింది మధ్య పళ్ళు 6 నుండి 7 ఏళ్ళకు, పై మధ్య పళ్ళు 7 నుండి 8 ఏళ్ళకు, వాటి పక్కవి 8 నుండి 9 ఏళ్ళకు వచ్చేస్తాయి. దవడ పాల పళ్ళు ఇంకా ఊడకపోవచ్చు గాని, మూడో తరగతి పిల్లవాడికి ముందున్నవి చాలావరకు జన్మాంతం ఉండవలసిన పళ్ళే. గుర్తుపట్టడం కష్టం కాదు. పాల పన్ను చిన్నది, తెల్లనిది. శాశ్వత పన్ను వెడల్పుగా, కొంచెం పసుపు ఛాయతో ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు దాని అంచు రంపపు పళ్ళలాగా మూడు చిన్న మొనలతో ఉంటుంది. ఆ మొనలు చూసి పన్ను విరిగిందని భయపడి వచ్చిన తల్లులు కూడా ఉన్నారు. వారిని నవ్వించి పంపిస్తాము. విరిగినా విరగలేదనుకొనేవారి కంటె వీరు ఎంతో నయం.

పన్ను లోపల ఏముంది

మామిడి కాయకు పైన మెత్తన, లోపల టెంక గట్టి. పన్ను ఇందుకు తారుమారు. పైన ఎనామిల్ అనే గట్టి పెంకు, దాని కింద కొంచెం పసుపుగా ఉండే డెంటిన్, అన్నిటికంటె లోపల రక్తనాళాలూ నరమూ ఉన్న మెత్తని గుజ్జు. దీనిని వైద్యులు పల్పు అంటారు. డెంటిన్‌లో కంటికి కనబడని సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉండి, అవన్నీ పల్పు వైపుకే దారి తీస్తాయి. పెంకు విరిగి డెంటిన్ బయటపడిందంటే నోటిలోని సూక్ష్మక్రిములకు లోపలికి దారి తెరిచినట్టే. చల్లనీళ్ళు తాగితే పిల్లవాడు జివ్వున లాగిందనేది ఇందువల్లనే.

తల్లిదండ్రులు అన్నిటికంటె ముఖ్యంగా గ్రహించవలసినది వేరు సంగతి. పన్ను చిగురు పైకి కనబడిన నాటికి దాని వేరు పూర్తికాదు. పైన చూస్తే పెద్ద పన్నే, లోపల మాత్రం టెంక కట్టని కాయ లాంటిది. వేరు పొట్టిగా, గోడలు పల్చగా, చివర గరాటులాగా తెరుచుకొని ఉంటుంది. ఆ వేరు పొడుగు సాగి, గోడలు మందమెక్కి, చివర మూసుకోవడానికి ఇంకా సుమారు మూడేళ్ళు పడుతుంది. పై మధ్య పళ్ళకైతే ఇది 10 ఏళ్ళ వయసు ప్రాంతంలో పూర్తవుతుంది. ఈ కట్టుబడి చేసే మేస్త్రి లోపలి పల్పే. ఎనిమిదేళ్ళకు పల్పు చనిపోతే వేరు ఆనాడు ఎక్కడ ఉందో అక్కడే ఆగిపోతుంది. ఆ పల్చని గోడల పన్ను తరువాత చెరకు కొరికినా, ఇంకొక చిన్న దెబ్బ తగిలినా చిగురు దగ్గర పుటుక్కున విరగవచ్చు.

అందుకని పిల్లలలో విరిగిన పన్నుకు చికిత్స అంటే ఆకారం సరిచేయడం రెండో సంగతి. పల్పును బ్రతికించడం మొదటిది. పెద్దవారికి చేసినట్టు నరం తీసివేసి రూట్ కెనాల్ చేయడం చివరి దారి. "నరం తీయించేయండి, పీడా వదులుతుంది" అని అడిగే తల్లిదండ్రులకు మా దంత వైద్యులు ఓపికగా ఈ మాటే చెబుతుంటారు.

ఎంతవరకు విరిగింది

పెంకు అంచు మాత్రమే చిట్లితే పెద్ద భయం లేదు. గరుకు అంచును నునుపు చేస్తారు, లేదా పన్ను రంగు సిమెంటుతో కొద్దిగా నింపుతారు. అయినా ఒకసారి చూపించాలి. పైకి చిన్నగా కనబడే దెబ్బ వేరును కదిలించి ఉండవచ్చు.

పసుపు రంగు డెంటిన్ కనబడుతోందంటే దానిని అదే రోజు, లేకపోతే మర్నాడైనా మూయించాలి. విరిగిన ముక్క దొరికితే దానినే అతికిస్తారు. దొరకకపోతే కాంపోజిట్ అనే పదార్థంతో పన్ను ఆకారం కట్టి, నీలి రంగు లైటుతో గట్టిపరుస్తారు. ఆ రోజున సమయం లేకపోయినా, పిల్లవాడు సహకరించకపోయినా, గ్లాస్ అయనోమర్ సిమెంటుతో తాత్కాలికంగా కప్పి పంపిస్తారు. చూపుకు అందంగా ఉండదు గాని, దారి మూసుకుంటుంది.

విరిగిన చోట మధ్యలో ఎర్రని చుక్క కనబడినా, అక్కడ నుండి రక్తం ఊరుతున్నా పల్పు బయటపడిందని అర్థం. చూడగానే తల్లికి ఇక పన్ను పోయినట్టే అనిపిస్తుంది. పోలేదు. స్వీడన్ దేశపు దంత వైద్యుడు మియోమిర్ స్వేక్ 1978లో ప్రచురించిన పని ఈ విషయంలో ఎంతో ధైర్యమిచ్చింది. ఆయన పల్పు మొత్తం తీయకుండా, బయటపడిన చోట సుమారు 2 మిల్లీమీటర్ల లోతు మాత్రమే తీసి, రక్తం ఆగిన తరువాత కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూసివేశారు. అలా చేసిన 60 పళ్ళలో నూటికి 96 వంతు మానాయి. వాటిలో దెబ్బ తగిలిన గంటకు వచ్చినవీ ఉన్నాయి, 90 రోజులకు వచ్చినవీ ఉన్నాయి.

ఈ 90 రోజుల మాట విని ఎవరూ తీరికగా కూర్చోవద్దు. లోపల పల్పు ఇంకా బ్రతికి ఉంటేనే ఈ చికిత్స పనిచేస్తుంది. అది ఏ రోజున చనిపోతుందో బయట నుండి మనకు తెలియదు. ఎన్నోసార్లు నొప్పి కూడా ఉండదు. అయితే వారం ఆలస్యమైందని, పది రోజులైందని సిగ్గుపడి ఇంటి దగ్గర ఉండిపోయేవారికి మాత్రం ఇది మంచి వార్త. ఆలస్యమైనా తీసుకొని రండి.

ఇప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్‌తో పాటు కొత్త సిమెంట్లు వచ్చాయి. అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తోరాబినేజాద్ బృందం రూపొందించి, 1993 నుండి వైద్య లోకానికి పరిచయం చేసిన ఎం.టి.ఎ. సిమెంటు పల్పుకు బాగా సరిపడింది. కాని ముందు పన్నును బూడిద రంగుకు మారుస్తుందనే చిక్కు ఉంది. ఆ తరువాత వచ్చిన, రంగు మార్చని సిమెంట్లను ముందు పళ్ళకు వాడుతున్నారు. పిల్లవాడి పన్నుకు ఏది తగునో వైద్యులు నిర్ణయిస్తారు. "ఖరీదైనది వేయండి" అని మనం పట్టుబట్టనక్కరలేదు.

ఆలస్యమైతే ఏమవుతుంది

ఒకే వేసవిలో మేము చూసిన ఇద్దరు పిల్లల సంగతి చెబుతాము. ఇద్దరికీ ఎనిమిదేళ్ళే. ఒక పాప ఆగిరిపల్లి వైపు తోట కాపలా కుటుంబానికి చెందినది. గట్టు మీద పడి పై పన్ను సగం విరిగి, మధ్యలో ఎర్రచుక్క కనబడుతోంది. నాయనమ్మ ఆ సాయంత్రమే గ్లాసులో నీళ్ళు పోసి, అందులో ముక్క వేసుకొని మరీ తీసుకొచ్చింది. పై పల్పు కొంచెం తీసి, మందు పెట్టి, ఆ ముక్కనే అతికించారు. రెండేళ్ళ తరువాత తీసిన ఎక్స్‌రేలో ఆ పన్ను వేరు పక్క పన్నుతో సమానంగా పెరిగి, చివర మూసుకొంది.

రెండో బాబుకు అంతకు ముందు సంవత్సరం దెబ్బ తగిలింది. ఇతనిది ఇంకా చిన్న దెబ్బ, ఎర్రచుక్క కూడా లేదు. డెంటిన్ మాత్రమే బయటపడింది, కాని ఎవరూ మూయించలేదు. చిగురు మీద చీముపొక్కు లేచాక వచ్చాడు. వేరు ఏడేళ్ళ వయసులో ఎలా ఉందో అలాగే, చివర తెరుచుకొని ఉంది. చివర తెరిచి ఉన్న వేరులో రూట్ కెనాల్ నింపడం అడుగు లేని కుండలో నీళ్ళు పోసినట్టు. ముందు ఆ అడుగు కట్టాలి. పూర్వం ఇందుకు కాల్షియం హైడ్రాక్సైడ్ మందును మారుస్తూ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉంచేవారు. డెన్మార్క్ పరిశోధకులు 2002లో గొర్రె పళ్ళ మీద చేసిన పరీక్షలో, ఇలా ఉంచిన లేత వేరు బలం సుమారు ఏడాదిలో సగానికి పడిపోతుందని తేలింది. అందువలన ఇప్పుడు ఎం.టి.ఎ. వంటి సిమెంటుతో ఒకటి రెండు సిట్టింగులలోనే వేరు చివర బిరడా కడుతున్నారు. కొన్ని కళాశాలలలో వేరును తిరిగి పెరిగేటట్టు చేసే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. ఆ బాబుకు బిరడా కట్టి పన్ను నిలబెట్టారు. కాని గోడలు మాత్రం పల్చనివే. ఆ తండ్రి కూలి మానుకొని ఎన్నిసార్లు తిరిగాడో మాకు తెలుసు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట విడిగా చెప్పాలి. "పెళ్ళి నాటికి కట్టిద్దాం" అని ఎనిమిదేళ్ళ పిల్ల పన్నును పదేళ్ళు వాయిదా వేసేవారిని చూస్తున్నాము. పదేళ్ళపాటు ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. పెళ్ళిచూపుల ముందు వారం వచ్చి, వారంలో అన్నీ అయిపోవాలంటారు.

పన్ను విరిగిన చోట ఏం చేయాలి

మొదట పన్నును కాదు, పిల్లవాడిని చూడండి. స్పృహ తప్పాడా, వాంతి చేసుకొన్నాడా, మగతగా ఉన్నాడా, ముక్కు చెవుల నుండి రక్తం వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పన్ను సంగతి తరువాత, ముందు ఆసుపత్రి. గడ్డానికి దెబ్బ తగిలి నోరు సరిగా తెరవలేకపోతే దవడ కీలు దగ్గర ఎముక విరిగి ఉండవచ్చు.

ఇవేవీ లేకపోతే మంచినీళ్ళతో నోరు పుక్కిలింపించి, శుభ్రమైన తడి గుడ్డతో పెదవిని కొంతసేపు అదిమి పట్టండి. కాఫీ పొడి, పసుపు, సున్నం, నశ్యం, లవంగ నూనె ఏదీ పన్ను మీద పెట్టవద్దు. బయటపడిన పల్పు మీద లవంగ నూనె మంట పుట్టిస్తుంది. కాఫీ పొడి అయితే మేము కడగడానికే పావుగంట పడుతుంది, పిల్లవాడు ఏడుస్తాడు.

తరువాత ముక్క వెదకండి. దుమ్ములో, మామిడాకుల కింద తెల్లగా కనబడుతుంది. దొరికితే కడిగి, మంచినీళ్ళలోగాని పాలలోగాని వేసి తీసుకొని రండి. కాగితంలో చుట్టి జేబులో వేసుకోవద్దు. ఎండిన ముక్క రంగు పాలిపోతుంది, సరిగా అతకదు. ఎండిపోయినా పారేయవద్దు. అతికించే ముందు దానిని 20 నిమిషాలు నీళ్ళలోనో సెలైనులోనో నానబెడతారు.

ముక్క దొరకకపోతే, పెదవి చీలి ఉంటే, ఆ మాట మాకు తప్పక చెప్పండి. పన్ను ముక్క పెదవిలోనే దిగబడి ఉండవచ్చు. అది చూడకుండా పైన కుట్లు వేస్తే గడ్డ కట్టి చీము పడుతుంది. అందుకే పెదవికి కూడా ఎక్స్‌రే తీస్తాము. దెబ్బ తరువాత ఆగకుండా దగ్గు వస్తుంటే ముక్క ఊపిరి గొట్టంలోకి పోయిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీస్తాము.

పన్ను విరగకుండా వేరుతో సహా మొత్తం ఊడి చేతికి వస్తే అది వేరే సంగతి, అక్కడ నిమిషాలు లెక్క. శాశ్వత పన్నైతే వేరును ముట్టకుండా పై భాగం పట్టుకొని, మట్టి అంటితే కొద్ది క్షణాలు కడిగి, పిల్లవాడు తెలివిగా ఉంటే అదే గుంటలో వెంటనే పెట్టి గుడ్డను కరిపించండి. పెట్టలేకపోతే పాలలో వేసి పరుగున రండి. ఇక్కడ మంచినీళ్ళు పనికిరావు, వేరు మీది కణాలు చనిపోతాయి. తోటలో పాలు ఎక్కడివి అంటారేమో. కాపలా పాకలో టీ కాచుకోవడానికి పాల ప్యాకెట్ ఉండనే ఉంటుంది. గంటలోపు గుంటలో పెట్టించగలిగితే ఆశ ఎక్కువ. ఊడినది పాల పన్నైతే తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న అసలు పన్ను దెబ్బతింటుంది.

మా వద్దకు రాగానే మా సిస్టర్లు ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందని అడుగుతారు. విసుక్కోకండి. ఎప్పుడన్నది చికిత్సను నిర్ణయిస్తుంది. ఎక్కడన్నది ధనుర్వాతం టీకా కోసం. అయిదేళ్ళకు, పదేళ్ళకు వేయవలసిన టీకాలు వేయించారో లేదో కార్డు తెచ్చి చూపించండి. ఎలా అన్నది, ఇంకెక్కడ దెబ్బ దాగి ఉందో వెదకడానికి. పన్ను విరిగిన మాత్రాన యాంటీబయాటిక్ సూది అవసరం లేదు. సూది వేస్తేనే వైద్యం జరిగినట్టు భావించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. అదే విధంగా, పై పన్ను ముట్టుకుంటే కంటి నరం పోతుందనేది కూడా వట్టి భయమే. పన్ను నరానికీ చూపుకూ సంబంధం లేదు.

మన ఊళ్ళోని దంత వైద్యులు పన్నును కప్పి, ప్రథమ చికిత్స చేయగలరు. పల్పు బయటపడినవి, వేరు పూర్తికానివి, వేరు మధ్యలో విరిగినవి అయితే పిల్లల దంత వైద్య విభాగానికి వెళ్ళడం మంచిది. హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్తే గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంత వైద్య కళాశాల, ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల ఉన్నాయి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. 2022లో జిల్లాల మార్పుతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది గాని, ఏ జిల్లా వారైనా ఈ మూడింటిలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. పొద్దున్నే బయలుదేరండి, ఓ.పి. చీటీ దగ్గర రద్దీ ఉంటుంది. దారిలో పిల్లవాడిని "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని బెదిరించవద్దు. అలా భయపెట్టి తెచ్చిన పిల్లవాడు కుర్చీలో నోరు తెరవడు, అక్కడ వారి సమయమూ మీ బస్సు చార్జీలూ వృథా అవుతాయి.

ఇంటికి వెళ్ళిన తరువాత

రెండు వారాలు మెత్తని ఆహారం పెట్టండి. ముందు పళ్ళతో కొరికే తిండి వద్దు. మామిడి పళ్ళ కాలంలో ఇది పిల్లలకు పెద్ద శిక్షే. రసాలను పిండి గ్లాసులో పోసి ఇవ్వండి. రసం పండును పీల్చుకు తినకపోతే ఇక తిన్నట్టేమిటని ఒక తాతగారు మాతో వాదించారు. వాదన బాగానే ఉంది గాని, ఆ పిల్లవాడికి టెంక కొరికే అవకాశం మేము ఇవ్వలేదు. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమించాలి. నొప్పిగా ఉందని తోమడం మానితే చిగురు వాస్తుంది. నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

అతికించిన ముక్క, కట్టిన కాంపోజిట్ ఎప్పుడైనా ఊడవచ్చు. అది వైద్యం చెడినట్టు కాదు, మళ్ళీ వేయించుకోవాలి. పింగాణి తొడుగు కావాలని తొందరపడవద్దు. చిగురు, దవడ ఎదుగుదల పూర్తయ్యాక, 18 ఏళ్ళు దాటిన తరువాత దాని సంగతి చూడవచ్చు.

మా రోగులు ఎక్కువగా తప్పేది తిరిగి చూపించుకోవడంలో. పన్ను అందంగా కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. దెబ్బ తిన్న పల్పు నెలల తరువాత కూడా చప్పుడు లేకుండా చనిపోవచ్చు. మొదటి మూడు నెలలు చల్లని పరీక్షకు పన్ను స్పందించకపోయినా అది చనిపోయిందని చెప్పలేము. కాబట్టి ఒక్కసారి చూసి తేల్చడం కుదరదు. పెంకు, డెంటిన్ మాత్రమే విరిగినవారు 6 నుండి 8 వారాలకు, మళ్ళీ ఏడాదికి రావాలి. పల్పు బయటపడినవారు 6 నుండి 8 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు, ఏడాదికి రావాలి. వచ్చినప్పుడు పక్క పన్నుతో పోల్చి ఎక్స్‌రే తీసి, వేరు ఎదుగుతోందా లేదా చూస్తారు. ఈ మధ్యలో పన్ను రంగు మారినా, చిగురు మీద పొక్కు లేచినా, కొరికితే నొప్పి వచ్చినా తేదీ కోసం చూడకుండా వెంటనే రావాలి. ఓ.పి. చీటీ వెనుక ఈ తేదీలు మా సిస్టర్లు వ్రాసి ఇస్తారు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కూడా పారేయకుండా ఆ చీటీతో పాటు ఒకే కవరులో పెట్టి తీసుకొని రండి.